అయుధ్యమానులు: తెలంగాణ పల్లెల యుద్ధకాల యాతన (1946–1951) – ధర్మశాస్త్ర, మహాభారత దృష్టితో ఒక పరిశీలన

1. ఉపోద్ఘాతం

రంగారెడ్డి జిల్లాలోని ఇబ్రహీంపట్నం గోలకొండ సుల్తాను ఇబ్రాహీం కుతుబ్ షా (1550–1580) పేర వెలసిన ఊరు. తెలుగు కవులు 'మల్కిభరాముడు' అని పిలుచుకొన్న ప్రభువు ఇతడే. అద్దంకి గంగాధరకవి మహాభారత కథను గ్రహించి రచించిన 'తపతీ సంవరణోపాఖ్యానము' ఇతనికే అంకితమయినది. ఈ ఊరి పెద్దచెరువు చుట్టుపక్కల పల్లెలకు జీవనాధారం. తూర్పున నల్లగొండ సీమ, ఆ దిక్కుననే రాచకొండ గుట్టల వరుస ఉన్నవి. 'రసార్ణవసుధాకర' కర్త సింగభూపాలుడు ఏలిన రాచకొండ అదే. ఇట్టి సాహిత్య స్మృతులు గల ఈ నేలకు మరొక స్మృతి కూడా కలదు. నల్లగొండ, వరంగల్లు పల్లెలలో 1946లో రాజుకొని 1951 వరకు సాగిన సంఘర్షణ ఈ ప్రాంతపు పల్లెలను కూడా తాకినది. ఆ అయిదేండ్లలో ఆయుధం పట్టని సామాన్యులు అనుభవించిన యాతన ఈ వ్యాసానికి విషయం.

ఈ కాలాన్ని గురించి రచనలు లేకపోలేదు. వీరగాథలు కలవు, ఆత్మకథలు కలవు, పార్టీల చరిత్రలు కలవు, నవలలు కలవు. అయితే వానిలో పెక్కు రచనలు ఒక్కొక్క పక్షపు మృతులను మాత్రమే స్మరించుచున్నవి. రజాకార్ల చేతిలో మరణించినవారిని స్మరించేవారు పోలీసు చర్య నాటి మృతులను స్మరింపరు. ఆ మృతులను స్మరించేవారు అంతకుముందు కాలిపోయిన పల్లెల మాట ఎత్తరు. ఆ తరువాత మూడేండ్లు సైనిక శిబిరాలలో దెబ్బలు తిన్న రైతుకూలీల గాథ మరొక అరలో చేరినది. ఒకే నేలపై, అయిదేండ్ల వ్యవధిలో జరిగిన యాతన మూడు ముక్కలై, ఒక ముక్కకు మరొక ముక్క ఎదురుసాక్ష్యంగా నిలిచినది.

ఈ మూడింటిని ఒక్క తులలో ఉంచి చూడగల కొలమానం మన ప్రాచీన వాఙ్మయంలో ఉన్నదా? ఉన్నచో దాని పరిధి యెంత, వెలితి యెక్కడ? ఈ రెండు ప్రశ్నలకు సమాధానం వెదకుటయే ఈ పరిశీలన లక్ష్యం.

2. 'అయుధ్యమాన' శబ్దం – దాని పరిధి

మనుస్మృతి సప్తమాధ్యాయంలో రాజధర్మ ప్రకరణాన యుద్ధ నియమాలు చెప్పబడినవి. కూటాయుధాలతో, విషదిగ్ధములైన బాణాలతో, అగ్నితో మండే ములుకులతో శత్రువును కొట్టరాదు. రథం దిగి నేలపై నిలిచినవానిని, చేతులు జోడించినవానిని, జుట్టు విడివడినవానిని, కూర్చుండినవానిని, 'నీవాడను' అన్నవానిని, నిద్రించువానిని, కవచం లేనివానిని, నిరాయుధుని, భయపడినవానిని, పారిపోవువానిని చంపరాదు. ఈ వరుసలోనే యుద్ధం చేయక చూచుచున్నవాడు కూడా చేర్చబడినాడు. అతడే అయుధ్యమానుడు.

కౌటిల్యుడు అర్థశాస్త్రం పదమూడవ అధికరణంలో దుర్గాన్ని పట్టుకొనే సందర్భాన ఇదే మాటను వాడినాడు. పడిపోయినవారికి, వెనుదిరిగినవారికి, శరణన్నవారికి, ఆయుధం విడిచినవారికి, భయంతో రూపు మారినవారికి అభయమీయవలెనని చెప్పుచు, అయుధ్యమానులకు కూడా అభయమీయవలెనని విధించినాడు. ధర్మశాస్త్రకారుడు, అర్థశాస్త్రకారుడు అనేక విషయాలలో భిన్నమార్గాలు అనుసరించినవారే. అట్టి ఇరువురు ఈ ఒక్క మాటపై ఏకీభవించుట గమనింపదగినది.

మహాభారతంలో భీష్మపర్వారంభాన కురుపాండవ పక్షాలు కలసి చేసికొన్న సమయం ఇందుకు మరొక ఆధారం. సమానుడు సమానునితోనే పోరవలెను. సారథిని, భారవాహక జంతువులను, ఆయుధాలు అందించువారిని, భేరీశంఖ వాదకులను కొట్టరాదు. వీరందరు సేనలో ఉన్నవారే, యుద్ధానికి తోడ్పడువారే. అయినను ఆయుధం ప్రయోగింపనివారు గనుక వారికి రక్షణ లభించినది.

ఈ మూడింటిని కలిపి చూచినప్పుడు ఒక సూత్రం తేలుచున్నది. ఒకనిని చంపవచ్చునా కాదా అన్నది అతని కులాన్ని బట్టి గాని, మతాన్ని బట్టి గాని, అతడు ఏ రాజు ప్రజ అన్నదాన్ని బట్టి గాని నిర్ణయమగుట లేదు. ఆ క్షణాన అతని చేతిలో ఆయుధం ఉన్నదా, అతడు దానిని ప్రయోగించుచున్నాడా అన్నదే నిర్ణాయకం. మన పరిశీలనకు ఈ సూత్రమే మూలాధారం.

3. నీరు, ధాన్యం, వంటచెరకు – శాస్త్రంలోని వెలితి

కాని ఈ సూత్రాన్ని శ్లాఘించి ఇంతటితో నిలుపుట శాస్త్రదృష్టి కాజాలదు. అదే మనుస్మృతి, అదే సప్తమాధ్యాయం, ఇంకొంత ముందుకు పోగా శత్రుదుర్గాన్ని ముట్టడించిన రాజు చేయవలసిన పనులను చెప్పుచున్నది. శత్రువును నిరోధించి అతని రాష్ట్రాన్ని పీడింపవలెను. అతని గడ్డిని, అన్నాన్ని, నీటిని, వంటచెరకును ఎడతెగక పాడు చేయవలెను. తటాకాలను, ప్రాకారాలను, పరిఖలను భేదింపవలెను.

గడ్డి ఎవనిది? పశువులను మేపుకొనే రైతుది. చెరువు ఎవనిది? దాని కింద మడులు సాగుచేసికొనే ఊరిది. యుద్ధం చేయక చూచుచున్నవానిని కత్తితో కొట్టరాదన్న శాస్త్రం, అతని చెరువుకు గండికొట్టుటకు అనుమతించినది. శరీరానికి అభయమిచ్చి జీవికకు అభయమీయకపోయినది. ఇబ్రహీంపట్నం వంటి చెరువుల సీమలో నివసించేవారికి ఈ భేదం వివరింపనక్కరలేదు. కట్ట తెగిన ఊరు కత్తి వేటు పడకుండనే నశించును.

ఈ వెలితి మనుస్మృతికి మాత్రమే పరిమితమైనది కాదు. 1949 ఆగస్టు 12న జెనీవాలో నాలుగు ఒడంబడికలు కుదిరినవి. వానిలో నాలుగవది యుద్ధకాలంలో పౌరుల రక్షణకే ప్రత్యేకింపబడినది. నాలుగింటికిని ఉమ్మడిగా ఉన్న మూడవ అధికరణం దేశాల మధ్య కాక ఒకే దేశంలో జరిగే సాయుధ సంఘర్షణలకు కూడా వర్తించును. భారతదేశం 1950లో వీనిని ధ్రువీకరించినది. అయితే పంటలను, పశువులను, తాగునీటి వసతులను, సాగునీటి పనులను ధ్వంసం చేసి పౌరులను ఆకలికి గురిచేయరాదని స్పష్టంగా నిషేధించుటకు 1977 నాటి అదనపు ఒప్పందాల వరకు వేచియుండవలసి వచ్చినది. మనువు విడిచిన వెలితిని పూరించుటకు ప్రపంచానికి అంతకాలం పట్టినది.

ఈ రెండు ప్రమాణాలను, అనగా అయుధ్యమానుని శరీర రక్షణను, అతని జీవిక రక్షణను మనస్సున నిలుపుకొని 1946–1951 నాటి ఘటనలను పరిశీలింపవలెను.

4. ప్రథమ దశ: కప్పం, ప్రతిఘటన, సౌప్తికం

1946 జులై 4న కడవెండిలో దొడ్డి కొమరయ్య కాల్పులలో మరణించుటతో రైతాంగ ప్రతిఘటన సాయుధరూపం దాల్చుటకు దారి ఏర్పడినది. 1947 ఆగస్టు తరువాత నైజాం ప్రభుత్వం భారత యూనియన్‌లో చేరక నిలిచినది. ఆ ఏడు నవంబరు 29న యథాతథ ఒడంబడిక కుదిరినది. ఈ సంధికాలంలో కాసిం రజ్వీ నాయకత్వంలోని రజాకారు దళాలు పల్లెలపై పడినవి. అంతకుముందే 1947 సెప్టెంబరు 2న పరకాలలో జాతీయ పతాకంతో వచ్చిన జనంపై కాల్పులు జరిగినవి.

రజాకార్ల దాడుల తీరును తరువాతి కాలంలో పండిత సుందర్‌లాల్ సంఘం తన నివేదికలో క్రమంగా వివరించినది. దాని సారాంశమిది: ఒక్కొక్క ఊరిపై నెలకింత అని సొమ్ము విధింతురు. చెల్లించిన ఊరికి సాధారణంగా వేరే బాధ ఉండదు. చెల్లింపని ఊరు దోపిడికి గురియగును. దోపిడిని ఎదిరింపనిచో సొత్తు తరలింపుతో ముగియును. ఎదిరించినచో ఇండ్ల దహనం, హత్యలు, స్త్రీలపై అత్యాచారం, అపహరణ సంభవించును. హింస ఒక్కొక్క మెట్టు ఎక్కుట ప్రతిఘటన స్థాయిని బట్టి జరిగినదని దీనివలన తెలియుచున్నది. ఊరు ఊరంతయు ఒకే దేహమని భావించి, ఒకరు ఎదిరించినందుకు అందరిని శిక్షించుట ఇందలి నీతి. అయుధ్యమానుడను వర్గమే ఇందులో లేదు.

నేటి సిద్ధిపేట జిల్లాలోని భైరాన్‌పల్లి దీనికి ఉదాహరణ. ఊరివారు దళంగా ఏర్పడి, ఊరి నడుమనున్న బురుజును ఆధారం చేసికొని తొలి దాడులను తిప్పికొట్టినారు. 1948 ఆగస్టు 27న తెల్లవారకముందే రజాకార్లు, నైజాం సైనిక బలగంతో కూడి ఊరిని చుట్టుముట్టినారు. బురుజు పడినది. తరువాత ఇండ్లనుండి మగవారిని బయటికి లాగి, వరుసగా నిలిపి కాల్చినారు. స్త్రీలు అత్యాచారాలకు గురియైనారు. మృతుల సంఖ్యను ఒక్కొక్కరు ఒక్కొక్క విధంగా చెప్పుదురు. ఎక్కువ కథనాలు వంద ప్రాంతాన నిలుచుచున్నవి.

ఇచట ఒక భేదం పాటింపవలసి ఉన్నది. బురుజుపై నిలిచి తుపాకి పేల్చినవారు యుధ్యమానులే. వారి మరణం వీరమరణం. దానిని యుద్ధనియమాల దృష్టితో ప్రశ్నింపలేము. కాని బురుజు కూలిన పిమ్మట, ఇంటినుండి లాగి, వరుసలో నిలిపి చంపబడినవారు అయుధ్యమానులు. నేటి స్మారకాలు ఈ ఉభయులను 'అమరవీరులు' అను ఒకే మాటతో గౌరవించుచున్నవి. గౌరవం సముచితమే. కాని ఆ మాట రెండవవారిపై జరిగిన నేరాన్ని కొంత మరుగుపరచుచున్నది. వీరుని మరణానికి శత్రువు కారణం. అయుధ్యమానుని మరణానికి నేరస్థుడు కారణం.

మహాభారతంలో దీనికి సమీపమైన ఘట్టం సౌప్తికపర్వం. నిద్రించువారిని చంపరాదని కృపాచార్యుడు వారించినను అశ్వత్థామ వినలేదు. రాత్రివేళ శిబిరం ప్రవేశించి ధృష్టద్యుమ్నుని, ద్రౌపదీ కుమారులను, పాంచాల వీరులను వధించినాడు. వారించిన కృపుడే కృతవర్మతో కూడి ద్వారం వద్ద నిలిచి, పారిపోవుచున్నవారిని చంపినాడు. ఇరువురు కలసి శిబిరానికి మూడు దిక్కుల నిప్పు పెట్టినారు. ముట్టడి, దహనం, పారిపోయే దారి మూయుట అను మూడు లక్షణాలు ఇందులో కలవు. వ్యాసుడు అశ్వత్థామకు కారణం లేకుండ చేయలేదు. తండ్రి అధర్మంగా చంపబడినాడు. రాజు తొడలు విరిగి పడియున్నాడు. కారణం ఉన్నంత మాత్రాన కార్యం ధర్మం కాజాలదన్నది ఆ పర్వ తాత్పర్యం. ఈ తాత్పర్యం రెండవ దశను అర్థం చేసికొనుటకు మరింత అవసరం.

5. ద్వితీయ దశ: నామకరణం వెనుక మరుగైన యుద్ధం

1948 సెప్టెంబరు 13న భారత సైన్యం హైదరాబాదు సంస్థానంలో ప్రవేశించినది. 17న నైజాం లొంగిపోయినాడు. సేనలు కదలినవి, ఫిరంగులు పేలినవి, ఒక సైన్యం మరొక సైన్యానికి ఆయుధాలు అప్పగించినది. కాని దీనికి ఏర్పడిన పేరు 'పోలీసు చర్య'. జనవ్యవహారంలో అది 'పోలీసాక్షను' అయినది.

శబ్దశక్తిని బోధించే వారమైన మనకు ఈ నామకరణంపై దృష్టి నిలువవలెను. 'యుద్ధం' అను పదానికి కొన్ని ఆకాంక్షలు ఉన్నవి. యుద్ధమన్నచో యుద్ధనియమాలు ఏవి, మృతులు ఎందరు, నిరాశ్రయులు ఎవరు అన్న ప్రశ్నలు వెంటనే లేచును. 'చర్య' అన్నచో అది ముగిసినదా లేదా అన్నదొక్కటే ప్రశ్న. అయిదు దినాలలో ముగిసినది గనుక ఆ తరువాత జరిగినవన్నియు ఆ పేరు వెలుపల ఉండిపోయినవి.

ఆ తరువాత జరిగినదానిని విచారించుటకు ప్రధాని నెహ్రూ పంపిన సద్భావన సంఘంలో పండిత సుందర్‌లాల్, ఖాజీ అబ్దుల్ గఫార్, మౌలానా అబ్దుల్లా మిస్రీ ఉన్నారు. వారు 1948 నవంబరు 29 మొదలు డిసెంబరు 21 వరకు సంస్థానంలో పర్యటించినారు. నాటి 16 జిల్లాలలో 9 జిల్లాలు చూచినారు. తాము వెళ్లలేని 109 గ్రామాలకు చెందిన 500 మందికి పైగా ప్రజలను ప్రశ్నించినారు. పోలీసు చర్య కాలంలోను, తరువాతను 27,000 నుండి 40,000 వరకు ప్రాణాలు కోల్పోయిరని వారు అంచనా వేసినారు. ఉస్మానాబాదు, గుల్బర్గా, బీదరు, నాందేడు జిల్లాలు అత్యధికంగా నష్టపోయినవి. నల్లగొండ, మెదకు జిల్లాలు కూడా నష్టపోయినవానిలో ఉన్నవి. ఈ మృతులలో అత్యధికులు ముస్లింలు. వీరిలో అనేకులు రజాకారు దళాలతో ఏ సంబంధం లేని చేతివృత్తులవారు, చిన్న ఉద్యోగులు, రైతులు.

సైన్యం మొత్తం మీద క్రమశిక్షణ పాటించినదని పేర్కొనుచునే, సైనికులు, స్థానిక పోలీసులు దోపిడిలోను ఇతర నేరాలలోను పాల్గొనిన సందర్భాలు కలవని సంఘం నమోదు చేసినది. రజాకార్ల దురాగతాలకు ప్రతీకారంగా ఇవి జరిగినవని కూడా గుర్తించినది. అశ్వత్థామకు కారణం ఉన్నట్లే ఈ గుంపులకు కూడా కారణం ఉన్నది. కాని చంపబడినవారు కప్పం వసూలు చేసినవారు కారు. కప్పం వసూలు చేసిన దళనాయకునికి న్యాయస్థానం లభించినది. కాసిం రజ్వీ విచారణకు గురియై, శిక్ష అనుభవించి, 1957లో విడుదలై పాకిస్తానుకు వెళ్లినాడు. పేరు లేని దూదేకులవానికి, నేతవానికి విచారణ కూడా లభింపలేదు.

మతాన్ని బట్టి పక్షాన్ని నిర్ణయించుట ఎంత పొరపాటో తెలుపుటకు ఆ నివేదికలోనే సాక్ష్యం కలదు. కొన్నిచోట్ల హిందూ నేతపనివారు తమ తోడి ముస్లిం నేతపనివారికి అడ్డుగా నిలిచినారు. ఆ ప్రయత్నంలో తమ ప్రాణాలు కూడా కోల్పోయినారు. దీనికి మరొక వైపు 'ఇమ్రోజ్' ఉర్దూ పత్రికా సంపాదకుడు షోయబుల్లా ఖాన్ కలడు. యూనియన్‌లో విలీనాన్ని సమర్థించి వ్రాసినందుకు 1948 ఆగస్టులో హైదరాబాదు నడివీధిలో ఆయన హత్య చేయబడినాడు. కలం తప్ప ఆయుధం లేని ఆయన కూడా అయుధ్యమానుడే.

తెలుగు కథాసాహిత్యంలో నెల్లూరి కేశవస్వామి ఈ దశను హైదరాబాదు నగర జీవితంలోనుండి చిత్రించిన అరుదైన రచయిత. ఆయన 'యుగాంతం' కథ ఈ సందర్భంలో తప్పక పఠింపదగినది.

6. తృతీయ దశ: శిబిరాలు, ఖాళీయైన గూడేలు

సంస్థానం విలీనమైనను పోరాటం ఆగలేదు. సైనిక గవర్నరు జె.ఎన్. చౌధురి పాలనలోను, తరువాత వెల్లోడి ప్రభుత్వ కాలంలోను కమ్యూనిస్టు దళాల అణచివేత సాగినది. 1951 అక్టోబరు 21న పార్టీ పోరాట విరమణను ప్రకటించినది. ఈ మూడేండ్ల గాథను పుచ్చలపల్లి సుందరయ్య 1972లో వెలువడిన తన బృహద్గ్రంథంలో వివరించినారు. ఆయన లెక్క ప్రకారం మొత్తం పోరాటంలో 4,000 మంది కమ్యూనిస్టులు, రైతు యోధులు మరణించినారు. 10,000 మందికి పైగా మూడు నాలుగేండ్లు నిర్బంధంలో ఉన్నారు. కనీసం 50,000 మంది పోలీసు, సైనిక శిబిరాలకు ఈడ్వబడి హింసకు గురియైనారు. ఇవి పోరాటానికి నాయకత్వం వహించిన ఒక పక్షం ఇచ్చిన లెక్కలు అన్న ఎరుకతోనే వీనిని గ్రహింపవలెను. కాని మూడవ సంఖ్య మన ప్రశ్నకు ముఖ్యం. శిబిరాలకు ఈడ్వబడిన వారిలో అధికులు దళాలకు అన్నం పెట్టిరన్న అనుమానానికి గురియైన సామాన్య గ్రామస్థులు.

గోదావరి అడవులలోని కోయగూడేలను ఖాళీ చేయించి, ప్రజలను శిబిరాలకు తరలించుట ఈ కాలపు మరొక ముఖ్య ఘటన. మలయాలో ఆంగ్ల ప్రభుత్వం అనుసరించిన బ్రిగ్స్ పథకంతో సుందరయ్య దీనిని పోల్చినారు. దళాలకు ఆహారం అందకుండ చేయుట దీని ఉద్దేశం. మనువు చెప్పిన 'గడ్డిని, అన్నాన్ని, నీటిని, వంటచెరకును పాడు చేయుట' అను నీతికి ఇది ఆధునిక రూపం. గూడెం వాని శరీరంపై దెబ్బ పడకపోవచ్చును. కాని అతని పోడు, అతని వాగు, అతని అడవి అతనికి దూరమైనవి. శిబిరంలో రోగాలకు, ఆకలికి అతడు బలి కావలసి వచ్చినది.

ఇదే తులలో దళాల చర్యలను కూడా తూచవలెను. భూస్వామి గడీపై సాయుధంగా పోరుట ఒకటి. వార్తాహరుడన్న అనుమానంతో నిరాయుధుని చంపుట వేరొకటి. అట్టి హత్యలు ఆ కాలంలో జరిగినవి. అన్నం పెట్టినాడని సైన్యం, వార్త చేరవేసినాడని దళం, ఒకే గ్రామస్థుని రెండు వైపులనుండి పీడించిన దశ అది. పోరాట న్యాయం ఎంత గొప్పదైనను ఈ ప్రశ్న నుండి మినహాయింపు లభింపదు. అభయం అయుధ్యమానునికి అతని పక్షాన్ని బట్టి లభించేది కాదని మన మూలసూత్రం.

ఈ సంఘర్షణ మూలమైన భూమి సమస్యపై 1951 ఏప్రిల్‌లో వినోబా భావే దృష్టి సారించినారు. శివరాంపల్లి సర్వోదయ సమ్మేళనం తరువాత సాగిన పాదయాత్రలో, ఏప్రిల్ 18న పోచంపల్లిలో వెదిరె రామచంద్రారెడ్డి 100 ఎకరాలు దానం చేసినారు. భూదానోద్యమం అటుల ఈ గాయపడిన నేలపైననే జన్మించినది.

7. స్త్రీపర్వం: శోకం, సాక్ష్యం

యుద్ధానంతరం కురుక్షేత్రంలో అడుగుపెట్టినవారు స్త్రీలు. స్త్రీపర్వంలో గాంధారి దివ్యదృష్టితో రణభూమిని చూచుచు కృష్ణునకు ఒక్కొక్క మృతుని చూపించును. కొందరు స్త్రీలు తలను ఒకచోట, మొండెమును మరొకచోట వెదకి కలుపబోయి, అవి ఒకరివి కావని గ్రహించి విలపింతురు. ఈ ఘట్టాన్ని తెలుగు చేసినవాడు తిక్కన.

మనం తరగతి గదిలో ఈ పర్వాన్ని కరుణరసానికి ఉదాహరణగా బోధించుచున్నాము. శోకం స్థాయిభావం, మృతులు ఆలంబనం, రణభూమి ఉద్దీపనం, విలాపం అనుభావం అని విభజింతుము. ఇది ఆలంకారిక మర్యాద. దోషం లేదు. కాని గాంధారి వాక్కు విలాపం మాత్రమే కాదు. అది సాక్ష్యం కూడా. ఎవడు ఎచట పడినాడు, ఎవడు ఎవనిచే చంపబడినాడు, ఎవని భార్య ఎచట ఏడ్చుచున్నది అని ఆమె వరుసగా చెప్పును. పిదప ఆపగలిగియు ఆపలేదని కృష్ణుని నిలదీసి శపించును. విలపించే స్త్రీయే ఇచట అభియోగం చేయుచున్నది.

లౌకిక శోకానికి, రసంగా పరిణమించిన శోకానికి గల భేదాన్ని ఆలంకారికులు స్పష్టంగా చెప్పినారు. రసం ఆస్వాదింపదగినది. లౌకిక శోకం ఆస్వాదింపదగినది కాదు, ప్రతిక్రియ కోరునది. తెలంగాణ పల్లెల స్త్రీల మాటలు ఈ రెండవ కోవకు చెందినవి. 1986లో స్త్రీశక్తి సంఘటన ప్రకటించిన 'మనకు తెలియని మన చరిత్ర' ఆ పోరాటంలో పాల్గొనిన స్త్రీల మౌఖిక కథనాలను వారి పలుకుబడిలోనే గ్రంథస్థం చేసినది. అంతవరకు వెలువడిన చరిత్రలలో స్త్రీ అత్యాచారానికి గురియైనదానిగానో, వీరునికి అన్నం పెట్టినదానిగానో కనిపించినది. ఈ గ్రంథంలో ఆమె స్వయంగా మాట్లాడినది, తన పక్షం వారిని కూడా ప్రశ్నించినది. గాంధారి కృష్ణుని నిలదీసిన తీరే అది.

8. మృతుల గణన ధర్మకార్యమే

స్త్రీపర్వం చివర అంతగా చర్చకు రాని ఒక సంభాషణ కలదు. ధృతరాష్ట్రుడు యుధిష్ఠిరుని అడుగును: మరణించినవారు ఎందరు? బ్రతికినవారు ఎందరు? యుధిష్ఠిరుడు సంఖ్య చెప్పును. నూట అరువదియారు కోట్ల ఇరువది వేలమంది మరణించిరనును. ఆ సంఖ్య కావ్యసహజమైన అతిశయమే. కాని అతడు అంతటితో ఆగక కనబడకపోయినవారి సంఖ్యను వేరుగా చెప్పును. వారు 24,165 మంది. మృతులలో చేరక, జీవించినవారిలో చేరక, 'అలక్ష్యులు'గా మిగిలినవారికి వేరే లెక్క ఉండవలెనన్న భావన విశేషమైనది. పిదప ధృతరాష్ట్రుడు దిక్కులేనివారి దహనసంస్కారాల సంగతి ప్రశ్నించును. యుధిష్ఠిరుడు విదురుని, సంజయుని, ధౌమ్యుని నియోగించి బంధువులు లేనివారికి కూడా సంస్కారం జరిపించును. గణన, సంస్కారం, జలప్రదానం అను మూడును జయించిన రాజు విధులని, పట్టాభిషేకానికి ముందే జరుగవలెనని ఇతిహాసం నిర్దేశించుచున్నది.

చరిత్రలో ఈ విధిని స్వయంగా నిర్వర్తించిన రాజు అశోకుడు. అతని పదమూడవ శిలాశాసనం కళింగ యుద్ధంలో లక్షమంది హతులైరని, లక్షన్నరమంది చెరపట్టబడిరని, అంతకు అనేక రెట్లు మరణించిరని చెప్పుచున్నది. యుద్ధంలో గాయపడని గృహస్థులు కూడా తమ ఆప్తుల ఆపద వలన పీడింపబడుదురని ఆ శాసనం గుర్తించినది. మన కర్నూలు జిల్లా ఎర్రగుడి శాసనాలలో కూడా ఈ పాఠం ఉన్నది. కాని ఏ నేలపై ఆ యాతన జరిగినదో ఆ కళింగంలోని ధౌలి, జౌగడ శాసనాలలో ఈ పదమూడవ శాసనం లేదు. దాని స్థానే వేరే శాసనాలు చెక్కబడినవి. పీడితులకు తప్ప తక్కినవారందరికి ఆ పశ్చాత్తాపం చదువుటకు లభించినది.

సుందర్‌లాల్ నివేదిక గతి కూడా ఇంచుమించు ఇటువంటిదే. సర్దార్ పటేల్ దానిని ఆమోదింపలేదు. ప్రభుత్వం ప్రకటింపలేదు. దశాబ్దాల పాటు భాగాలుగా మాత్రమే ప్రచారంలో ఉన్న ఆ పాఠం 2013 ప్రాంతాన ఢిల్లీలోని నెహ్రూ స్మారక గ్రంథాలయంలో పరిశోధకులకు అందుబాటులోనికి వచ్చినది. అప్పటికి ఆ యాతన అనుభవించిన తరంలో అనేకులు గతించినారు.

గణన లేనిచో కలిగే నష్టం రెండు విధాలు. మొదటిది, సంఖ్య వాదప్రతివాదాలకు వస్తువగును. ఒక పక్షం పెంచును, మరొక పక్షం తగ్గించును. రెండవది, అంతకంటె గొప్ప నష్టం, మృతుడు సంఖ్యగా కూడా మిగలడు. భైరాన్‌పల్లి మృతుల పేర్లు ఊరివారు నిలుపుకొన్నారు గనుక స్మారకం నిలిచినది. పేర్లు చెప్పేవారు కూడా మిగలని పల్లెలకు, ఊరు విడిచి వలసపోయిన కుటుంబాలకు ఆ భాగ్యం లేదు. యుధిష్ఠిరుడు వేరుగా లెక్కించిన అలక్ష్యులు వీరే.

9. ఉపసంహారం

పైన చేసిన పరిశీలన వలన తేలిన అంశాలివి. ఒకటి, అయుధ్యమానుడను భావన మన శాస్త్రవాఙ్మయంలో స్పష్టంగా ఉన్నది. అది పక్షభేదం పాటింపదు. రెండు, ఆ భావన శరీరరక్షణ వరకే విస్తరించినది. జీవికను విడిచినది. తెలంగాణలో కాల్చబడిన ఇండ్లు, దోచబడిన ధాన్యం, ఖాళీయైన గూడేలు ఆ విడిచిన భాగంలోనివే. మూడు, రజాకార్ల కాలం, పోలీసు చర్య కాలం, సైనిక శిబిరాల కాలం అను మూడింటిని ఈ ఒక్క కొలమానంతో కొలిచినప్పుడు ఒకదాని యాతన మరొకదానికి సమర్థన కాజాలదు. నాలుగు, మృతుల గణన, అలక్ష్యుల గణన ధర్మంలో భాగమని మహాభారతం చెప్పుచున్నది. ఆ గణన మన సీమలో ఇంకను పూర్తి కాలేదు.

ప్రాచ్య కళాశాలల అధ్యాపకులు ఈ విషయంలో చేయగలిగినది కలదు. మన విద్యార్థులలో అధికులు ఇబ్రహీంపట్నం, మంచాల, యాచారం, చౌటుప్పల వంటి మండలాల పల్లెల నుండి వచ్చేవారు. స్త్రీపర్వం బోధించే వారం వారిని తమ ఊరి పెద్దలవద్దకు పంపవచ్చును. ఆ కాలాన్ని స్వయంగా చూచినవారు నేడు అరుదు. వారి సంతానం విన్న మాటలైనను ఇంకను నిలిచియున్నవి. సేకరణలో కొన్ని నియమాలు పాటించుట మేలు. కథనం చెప్పినవారి పలుకుబడిని మార్చరాదు. స్వయంగా చూచినదానిని, విన్నదానిని వేరుగా వ్రాయవలెను. ఒక ఊరిలో ఒక మతంవారిని, ఒక కులంవారిని మాత్రమే అడిగి విరమింపరాదు. ఊరు విడిచిపోయిన ఇండ్ల సంగతి కూడా అడుగవలెను. పేర్లు వెల్లడించుటకు ఇష్టపడనివారి, ముఖ్యంగా స్త్రీల, అభీష్టాన్ని మన్నింపవలెను.

ధృతరాష్ట్రుడు అంధుడు. తన సంతానపు అపరాధాలకు పరోక్షంగా భాగస్వామి. అట్టివాడు కూడా యుద్ధం ముగిసినంతనే ఎందరు మరణించిరని అడిగినాడు. ఆ ప్రశ్నను మన ఊళ్లలో అడుగుట, దానికి లభించిన సమాధానాన్ని పక్షపాతం లేక వ్రాసి నిలుపుట నేటి పరిశోధకుని విధి.